వార్త కింది మనుషులు

వెబ్ డెస్కులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, హెడ్డింగ్ ఎలా పెడితే ఎక్కువమంది నొక్కుతారు అని అడుగుతారు. ఆ సంగతులు నన్నడక్కండి. మీకే నాకన్నా బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఒకటే. వార్త చదివిన మనిషి తిరిగి మాట్లాడతాడు. ఆ మాట వినడానికి ఆఫీసులో ఎవరో ఒకరు కూర్చోవాలి. నేను కూర్చున్నాను. నన్ను అక్కణ్ణుంచి లేపడానికి చాలామంది ప్రయత్నించారు. ఆ కథే ఇది.

నేను రాయ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టాను. నాన్నది విజయనగరం దగ్గర పల్లె, వ్యాగన్ షాపులో ఫిట్టరు. ఇంట్లో మా ఊరి తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బళ్ళో హిందీ. ఆ హిందీతోనే ఇక్కడి ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్దే పని దొరికింది. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన రోజుల్లో నన్ను 'ఇంటర్నెట్ ఎడిషన్'కి మార్చారు. ఎవరికీ అక్కర్లేని కుర్చీ అది. అందుకే ఆడమనిషికి ఇచ్చారు.

పేపరు జవాబు చెప్పదట

అప్పట్లో మా పనల్లా పొద్దున అచ్చయిన పేపరును మధ్యాహ్నానికి కంప్యూటర్లోకి ఎక్కించడం. ఫాంట్ లేనివాళ్ళకు హిందీ అక్షరాలన్నీ చదరపు డబ్బాల్లా కనిపించేవి. గోడమీద పోస్టరుకూ మా పేజీకీ పెద్ద తేడా లేదు. చూసి వెళ్ళిపోవాలి, అంతే.

ఒకరోజు ఖరగ్‌పూర్ నుంచి ఒక రైల్వే గార్డు ఈమెయిల్ రాశాడు. సొంతూరు రాయ్‌పూరట, రోజూ మా పేజీ చూస్తాడట. పండరీ బట్టల మార్కెట్ సెలవురోజు మేం తప్పు రాశామట. పెళ్ళిబట్టలకని పల్లె నుంచి వచ్చిన వాళ్ళ చెల్లెలు మూసిన షట్టర్లు చూసి తిరిగి వెళ్ళిందట. నేను ఆ మెయిల్‌ని మా సంపాదకుడు పాండేజీకి చూపించాను. పాండేజీ గొప్ప పాత్రికేయుడు, మంచి భాష, ముక్కుసూటి మనిషి. కానీ పాఠకుడంటే ఆయన దృష్టిలో ఎదురుగా నేలమీద కూర్చుని వినేవాడు.

"సత్యాజీ, అఖ్‌బార్ జవాబ్ నహీ దేతా" అన్నారు. పేపరు జవాబు చెప్పదట.

"పేపరు చెప్పకపోతే నేను చెప్తాను సర్" అన్నాను.

ఆయన కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి మళ్ళీ తన కాగితాల్లో పడ్డారు. నేను తప్పు దిద్ది, గార్డుకు క్షమించమని రాశాను. వెంటనే బదులొచ్చింది. "మీరు మనిషా! ఇన్నాళ్ళూ అవతల మిషనుందనుకున్నాను."

ఆ మాట నన్ను కుదిపేసింది. మేం పత్రిక నడుపుతున్నామనుకుంటున్నాం. చదివేవాడు మాత్రం మిషన్ ముందు కూర్చున్నాననుకుంటున్నాడు.

రాయ్‌పూర్ సింహం

కొన్నేళ్ళకు యజమాని కొడుకు చదువు ముగించుకుని వచ్చి వెబ్‌సైటు తన చేతిలోకి తీసుకున్నాడు. అతన్ని ఆఫీసులో అందరూ భయ్యాజీ అనేవాళ్ళు. అప్పటికి లోకమంతా బ్లాగులు రాస్తోంది, ఫొటోలు పెడుతోంది, ఒకరి మాటమీద ఇంకొకరు మాట వేస్తున్నారు. మనమూ పాఠకుణ్ణి లోపలికి రానివ్వాలన్నాడు భయ్యాజీ. ప్రతి వార్త కిందా వ్యాఖ్యలకొక పెట్టె తెరిచారు. వచ్చిన ప్రతి వ్యాఖ్యా చదివి, ఏది వేయాలో ఏది వద్దో తేల్చే పని నాకిచ్చారు.

మొదట్లో వచ్చినవి ఏమిటనుకున్నారు? షాయరీలు, పెళ్ళి సంబంధాలు, క్రికెట్ తిట్లు. రిపోర్టర్లు ఆ పెట్టెను 'నాలీ' అనేవారు, అంటే మురిక్కాలవ. ఇంట్లో మా ఆయన అప్పారావుదీ అదే గోల. "ఏటే సత్యా, ఊళ్ళో తిట్లన్నీ నువ్వే సదవాలా? కాలనీలో ఉన్నయి సాల్లేదా?"

అందులో రోజూ వచ్చేవాడొకడున్నాడు. పేరు 'షేర్-ఎ-రాయ్‌పూర్'. అంటే రాయ్‌పూర్ సింహం. మా దగ్గర ఒక ఆడపిల్ల మునిసిపల్ వార్తలు రాసేది. ఆమె పేరు కనిపిస్తే చాలు, ఈ సింహం గర్జించేది. వార్త గురించి ఒక ముక్క, ఆమె పుట్టుక గురించి పది ముక్కలు. నేను అవేవీ వేయలేదు. అయినా ఆ అమ్మాయికి సంగతి తెలిసి బెదిరిపోయింది. భయ్యాజీ అన్నాడు, "ఆమె పేరు తీసేసి 'మా ప్రతినిధి' అని వేయండి. గొడవుండదు."

"తిట్టినవాడి పేరు లేదు, రాసినమ్మాయి పేరూ తీసేస్తే ఇక మిగిలేదెవరు?" అన్నాను. పేరు తీయలేదు. సింహానికి వార్త కిందే, అందరికీ కనపడేలా జవాబు రాశాను. 'మీ మాటల్లో రోడ్డు గురించి రాసింది సబబుగా ఉంది, అందులో తిట్లు లేవు కాబట్టి ఆ ముక్క వేస్తున్నాం. తిట్టాలనుంటే ఆఫీసుకొచ్చి నా ఎదురుగా తిట్టండి. నా పేరు సత్యవతి, రెండో అంతస్తు.'

వారం తిరక్కుండా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు, బ్యాంకులో ఆఫీసరు. కుర్చీ చూపించినా కూర్చోడే.

"ఆప్ లోగ్ సచ్‌ముచ్ పఢ్తే హై?" అన్నాడు. నిజంగా చదువుతారా అని.

"ప్రతి అక్షరం" అన్నాను.

అతని ముఖం జేవురించింది. ఆ అమ్మాయిని పిలిచాను. ఆమె భయపడుతూనే వచ్చి, "నాలుగు రోజులుగా మా అమ్మ నన్ను ఉద్యోగం మానెయ్యమంటోంది" అని మాత్రం చెప్పింది. అతను నేల చూపులు చూస్తూ చేతులు జోడించాడు. ఆ తరవాత సాధువైపోయాడని చెప్పను. మా మీద పోట్లాడుతూనే ఉండేవాడు. కానీ తన అసలు పేరుతో, రోడ్ల గురించి, నీళ్ళ గురించి.

ఆ ఉదంతం నుంచి నాకొక నియమం ఏర్పడింది. కరుకు మాటను తీసేయకూడదు, మనిషిని గాయపరిచే మాటను వేయకూడదు. ఈ రెంటికీ తేడా ఏ మిషనూ మీ బదులు తేల్చిపెట్టదు. కూర్చుని చదవాల్సిందే.

నల్లబడ్డ వడియాలు

రాయ్‌పూర్ అంచున ఉర్లాలో ఒక ఇనప కార్ఖానా ఉండేది. పేరు ఇక్కడ అనవసరం. దుమ్ము పట్టే కొత్త యంత్రం పెట్టామని, ఇక చుట్టుపక్కల గాలి స్వచ్ఛమని వాళ్ళొక ప్రకటన పంపితే, మావాళ్ళు ఉన్నదున్నట్టు వార్తగా వేశారు. దాని కింద ఒక వ్యాఖ్య వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఛత్తీస్‌గఢీ. "హమర్ ఛత్ మా ఆకే దేఖవ్." మా డాబా మీదికొచ్చి చూడండి. కింద పేరు దులారీ సాహు.

నేను జవాబు రాశాను. 'మేం వచ్చేలోపు ఫొటో పెట్టగలరా?'

పెట్టింది. ఎండలో గుడ్డ పరిచి ఆరబెట్టిన బడీలు. మన వడియాల్లాంటివే, మినప్పిండితో గుమ్మడి కోరు కలిపి పెడతారు. తెల్లగా ఉండాల్సినవి ఇనప్పొడి చల్లినట్టు నల్లగా ఉన్నాయి. ఆ ఫొటో వార్త కింద వేశాక ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఒకరు బడికెళ్ళే పిల్లల తెల్ల చొక్కా పెట్టారు. ఒకరు కూలర్లో నీళ్ళు. ఒక నాయనమ్మ ఉయ్యాల గుడ్డ మీద వేలితో గీత గీసి, ఆ గీతను ఫొటో తీయించి పంపింది. పైన మా వార్త స్వచ్ఛమైన గాలి అంటోంది. కింద జనం బొగ్గుపొడి చూపిస్తున్నారు.

కార్ఖానా మాకు పెద్ద ప్రకటనదారు. భయ్యాజీ నన్ను గదిలోకి పిలిచాడు. పాండేజీ అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నారు.

"సత్యా మేడమ్, ఆ పేజీ తీసేయాలి. ఇంకోటి, ఆ వ్యాఖ్యలు రాసినవాళ్ళ ఫోన్ నంబర్లు, మెయిళ్ళు మన దగ్గరుంటాయి కదా. కార్ఖానావాళ్ళకివ్వండి. మాట్లాడి సర్దుకుంటారట."

మాట్లాడ్డమంటే ఏమిటో నాకు తెలుసు. ఆ డాబాలున్న ఇళ్ళల్లో సగం మంది మగవాళ్ళు ఆ కార్ఖానాలోనే కాంట్రాక్టు పని చేస్తున్నారు. దులారీ తప్ప మిగతావాళ్ళు మారుపేర్లతో రాశారు, అసలు పేరు తెలిస్తే మర్నాడు గేటు దగ్గరే ఆపేస్తారు.

"ఇవ్వను" అన్నాను.

"అది మీ సొత్తు కాదు, కంపెనీది."

"మనల్ని నమ్మి ఇచ్చారు. అమ్మడానికి కాదు."

భయ్యాజీ గొంతు పెరిగింది. నేను పాండేజీ వైపు తిరిగాను. "సర్, ముప్ఫయ్యేళ్ళుగా విలేఖరిగా ఉన్నారు. మీకు రహస్యంగా కబురు చెప్పిన మనిషి పేరు ఎవరికైనా చెప్పారా?"

పాఠకుడికి జవాబివ్వొద్దన్న మనిషాయన. ఆయన వత్తాసు వస్తారని నాకేమీ ఆశ లేదు. ఆయన భయ్యాజీ వైపు తిరిగి, "నామ్ నహీ జాయేంగే" అన్నారు. పేర్లు బయటికి వెళ్ళవు. "పేజీ తీసెయ్యాలంటే తీసెయ్యి. పేర్లు కావాలంటే ముందు నన్ను తీసెయ్యి."

పేర్లు బతికాయి. పేజీ పోతుంది, సైటులో వ్యాఖ్యల పెట్టెలన్నీ మూస్తారు అని తేలింది.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ఉర్లా వెళ్ళాను. దులారీ నన్ను మెట్లమీదుగా డాబాకు తీసుకెళ్ళింది. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు. డాబా మీది దుమ్ములో అడుగేస్తే చెప్పు ముద్ర పడుతోంది. భర్త ఎక్కడ పనిచేస్తాడని అడిగాను. అదే కార్ఖానా అంది.

"నీ వ్యాఖ్య ఇప్పుడే తీసేస్తాను. రేపెలాగూ పేజీ పోతుంది. ఈలోపు నీ పేరెందుకు వాళ్ళ కళ్ళబడాలి?" అన్నాను.

"మోర్ నావ్ రహన్ దే" అంది. నా పేరుండనీ. తరవాత ఒక్కసారి కిందికి, మంచమ్మీద దగ్గుతున్న అత్తగారి వైపు చూసి, "పేరు లేకుండా అంటే గాలి కబురంటారు. పేరుంటే కనీసం నన్ను అడగడానికైనా రావాలి కదా, రమ్మను" అంది.

ఆఫీసుకు తిరిగొచ్చి ఆ వార్త కింద ఆఖరి వ్యాఖ్య నేనే రాశాను. 'రేపు ఈ పేజీ ఉండదు. మీ ఫొటోలు మీవి. దాచుకోండి, వేరే చోట పెట్టుకోండి.' దాని కింద నా పేరు. భయ్యాజీ మర్నాడు నన్ను రాశిఫలాల పేజీకి మార్చాడు. మా ఆయన భయపడతాడనుకున్నాను. "నౌకరీ పోతే పోనీ, జీతం నాకొస్తాది. పేర్లు మాత్రం ఇవ్వకు" అన్నాడు. రోజూ ఉదయం మేషం నుంచి మీనం దాకా ఎక్కించేదాన్ని. 'పై అధికారులతో విభేదాలు' అని నా రాశికి వచ్చిన రోజున డెస్కంతా నవ్వారు.

ఉర్లా జనం మాత్రం నాకోసం ఆగలేదు. సోషల్ మీడియాలో సొంత పేజీ తెరుచుకున్నారు. పేరు 'హమర్ ఛత్'. మా డాబా అని. దులారీ నడిపించింది. ప్రతి ఇంటివాళ్ళూ పొద్దున్నే డాబా ఫొటో పెట్టేవారు. టీవీవాళ్ళొచ్చారు. ఆ తరవాత అధికారులు మెట్లెక్కక తప్పలేదు. యంత్రం ఉన్న మాట నిజమే, కరెంటు ఖర్చని ఎక్కువసేపు ఆపేసి ఉంచుతున్నారని బయటపడింది. ఆ మీదట నడిపారు. దుమ్ము పోలేదు గాని తగ్గింది. దులారీ భర్త పని మాత్రం పోయింది. ఈ సంగతి దాచి గెలిచామని చెప్పడం నాకు చేతకాదు. కొన్ని నెలలు ఆ ఇల్లు చాలా కష్టపడింది. తరవాత అతను ఫాబ్రికేషన్ షాపులో కుదిరాడు. ఆమెను కలిసినప్పుడు బాధగా ఉందా అని అడిగాను. "కోపంగా ఉంది" అంది.

చదివేవాళ్ళు తగ్గిపోతున్నారని భయ్యాజీ రెండేళ్ళకు మళ్ళీ పెట్టెలు తెరిచాడు. నన్ను రమ్మన్నాడు. రెండు షరతులు పెట్టాను. పాఠకుల వివరాలు ఎవరికీ ఇవ్వం, ప్రకటనదారు అడిగాడని వ్యాఖ్య తీయం. ఈ రెండూ సైటులో అందరికీ కనపడేలా రాయాలన్నాను. మొహం మాడ్చుకునే ఒప్పుకున్నాడు. పాండేజీ అప్పటికి రిటైరయ్యారు. ఫోన్ చేసి చెప్తే, "ఇప్పుడు జవాబిచ్చుకో" అని నవ్వారు.

అభన్‌పూర్ నుంచి వచ్చిన ఫొటో

జనానికి నోరిస్తే విషం కక్కుతారంటారు. కక్కుతారు. నేను చూశాను.

ప్రతి చేతిలోకీ ఫోన్ వచ్చాక, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని పుకారు గ్రూపుల్లో తిరిగింది. ఒక మధ్యాహ్నం మా వార్త కింద చంద్రాకర్ మాస్టారు రాశాడు. ఆయనది రాయ్‌పూర్‌కి దగ్గర్లోని అభన్‌పూర్, బడిపంతులు, మా హిందీలో తప్పులెంచడం ఆయన సరదా. ఆ రోజు తప్పులెంచలేదు. 'ఇక్కడ పిల్లల దొంగ దొరికిందని ఒకామెను చుట్టుముట్టారు. పోలీసులకు చెప్పాను, ఇంకా రాలేదు. ఆమె భాష ఎవరికీ అర్థం కావడం లేదు. మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?' ఒక ఫొటో, తన నంబరు పెట్టాడు. ఫొటోలో ముసలావిడ. ముక్కుకు రెండువైపులా పుడకలు, చీరకట్టు మా నాయనమ్మదే.

ఫోన్ చేశాను. వెనక కేకలు. "స్పీకర్ పెట్టి ఆమె చెవి దగ్గరుంచండి మాస్టారూ" అన్నాను.

"అమ్మా, మీదే ఊరు?"

ముందు ఏడుపు వినిపించింది. "ఓలమ్మా, తెలుగే! మాది పాలకొండకాడమ్మా. మావోళ్ళతో ఇటికల బట్టీ పనికొచ్చినాను. ఆళ్ళు బస్సెక్కిపోనారు, నానెనకుండిపోనాను. దారడిగితే ఈ గుంటలకేటీ తెలీట్లేదు. బిస్కట్ ముక్కెట్టినాను, అంతేనమ్మా. సంపేత్తారా నన్ను?"

"ఎవరూ ఏమీ చెయ్యరు. నేనున్నాను, ఫోన్ పెట్టను" అన్నాను. తరవాత హిందీలో గట్టిగా, ఆమె చెప్పిన ప్రతి మాటా అక్కడున్నవాళ్ళకు చెప్పాను.

గుంపులోంచి ఒకడు అరిచాడు. "నువ్వూ ఆ ముఠాదానివే కాదని ఏమిటి నమ్మకం?"

"నా పేరు సత్యవతి. ఈ పత్రికలో పనిచేస్తున్నాను, ఆఫీసు రాయ్‌పూర్‌లో అందరికీ తెలుసు. ఇల్లు రైల్వే కాలనీ. నువ్వు రా, నన్ను పట్టుకో. ముందు నీ పేరు చెప్పు."

చెప్పలేదు.

"పక్కనున్నాయనా, నీ పేరు?"

అదీ రాలేదు. అప్పుడు మాస్టారు తన పేరు చెప్పి, తండ్రి పేరు చెప్పి, ఈమె మీద చెయ్యి పడాలంటే ముందు నా మీద పడాలన్నాడు. ఒక కూరగాయలమ్మి తన పేరు చెప్పి ఆమె పక్కన నిలబడింది. అలా ఇంకొకరు. గుంపు పలచబడుతున్న చప్పుడు ఫోన్లో నాకు వినిపించింది. ఈలోగా పోలీసు జీపు వచ్చింది.

సాయంత్రం మా ఆయనా నేనూ పోలీస్ స్టేషన్‌కెళ్ళి ఆమెను ఇంటికి తెచ్చుకున్నాం. పేరు గవరమ్మ. చారూ అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిని, మా ఆయన వైపు చూసి, "మీదే ఊరు బాబూ?" అని మొదలెట్టింది. వాళ్ళిద్దరి ఊళ్ళ మధ్య చుట్టరికాలు తేలేదాకా వదల్లేదు. మర్నాడు బట్టీవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి తీసుకెళ్ళారు.

ఆ ఉదయం మీటింగులో భయ్యాజీ అన్నాడు, "చూశారా మేడమ్, జనం చేతికిస్తే ఏమవుతుందో? మూసేస్తేనే మంచిది."

నాకు ఒళ్ళు మండింది. "ఆమెను చంపబోయిన పుకారు మన పెట్టెలోంచి రాలేదు. ఆమెను కాపాడిన కబురు మాత్రం అందులోంచే వచ్చింది. మీరు మూసేది దేన్ని?" అన్నాను. పెట్టె మూయలేదు.

ఇంతకూ మీకు చెప్పేది

ఇప్పుడు మీ ఆఫీసుల్లో వ్యాఖ్యలు చదివే పని మిషన్లకు అప్పగించారని విన్నాను. మనిషి కూర్చోవడం దండగట. మీ పై అధికారి ఆ మాటంటే ఒప్పుకోకండి. పోట్లాడండి. రాశిఫలాల పేజీకి మారుస్తారు, మార్చనీయండి. తిరిగి మాట్లాడే జనం పత్రికకు బెడద కాదు. వాళ్ళు లేకపోతే మనం రాసేది ప్రకటన, వార్త కాదు.

నేను రిటైరై ఊరికే కూర్చోలేదు. మా వీధి తాగునీటి పైపు బాగుచేశారని మొన్న నా పాత పత్రికలోనే వార్త వచ్చింది. చేయలేదు. ఆ మాటే వార్త కింద రాశాను. నిన్న చూస్తే నా వ్యాఖ్య లేదు. ఎందుకు తీశారని డెస్కుకు ఫోన్ చేశాను. మిషన్ తీసేసి ఉంటుంది ఆంటీ, మాకు తెలీదు అన్నారు.

పొద్దున్నే మళ్ళీ రాశాను. మధ్యాహ్నం అదీ తీసేశారు. ఇది మీకు రాయడం ఆపి, ఇప్పుడు వెళ్ళి మూడోది రాయబోతున్నాను.